మూసెయ్యని ఖాతా

పోయిన సంచికలో నామినేషన్ ఫారాల గురించి రాస్తే, ఇద్దరు ముగ్గురు పాఠక మిత్రులు ఫోన్ చేసి, "బాగానే ఉందండీ, కానీ ఒక్కసారైనా బ్యాంకు గుమ్మం దాటి వేరే సంగతేదైనా రాయకూడదా?" అని అడిగారు. సరే, ఈసారి ఆటల సంగతి రాస్తున్నాను. అయితే ముందే ఒక మనవి. నేను బి.కాం. చదివినవాణ్ణి. చేతకాగల ఆట క్యారమ్స్ ఒక్కటే. కాబట్టి ఎంత దూరం తిరిగొచ్చినా చివరికి జమాఖర్చుల దగ్గరే తేలితే మన్నించాలి.

2024 నవంబరులో సెలవు పెట్టి నేనూ మా ఆవిడా అమెరికాలో కొలంబస్ వెళ్లాం. ఒహాయో రాష్ట్రానికి అది రాజధాని. మావాడు అక్కడి ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేసి ఆ ఊళ్లోనే ఉద్యోగంలో స్థిరపడ్డాడు. కోడలు పిల్ల చదివింది పక్క రాష్ట్రంలో, ఆన్ ఆర్బర్ ఊళ్లో ఉన్న మిషిగన్ యూనివర్సిటీలో. రెండు ఊళ్లకీ మధ్య మూడు వందల కిలోమీటర్లుంటుంది. మా బరంపురం నుంచి విశాఖపట్నానికి ఉన్నదానికంటే కాస్త ఎక్కువ. సంబంధం కుదుర్చుకునేటప్పుడు జాతకాలైతే చూశాం గానీ, ఎవరెవరు ఏ యూనివర్సిటీ అన్న పొంతన చూడాలని మాకు తెలియదు!

ఒకరోజు మావాడు తను చదివిన చోటు చూపిస్తానని తీసుకెళ్లాడు. చూద్దును గదా, బోర్డుల మీద అక్కడక్కడ ఒక అక్షరం మీద ఎర్ర టేపుతో ఇంటూ మార్కు కొట్టి ఉంది. బ్యాంకువాణ్ణి గదా, కొట్టివేత కనిపిస్తే పక్కన పూర్తి సంతకం ఉందా లేదా అని చూడటం అలవాటు. సంతకం లేదు. నాలుగు బోర్డులు చూశాక అర్థమైంది, కొట్టేసిన అక్షరమల్లా ఇంగ్లీషు 'ఎం'. "ఏమైనా మరమ్మతులా నాయనా?" అంది మా ఆవిడ. "కాదమ్మా, ఈ శనివారం మిషిగన్‌తో మ్యాచ్. ఈ వారమంతా ఇక్కడ ఆ అక్షరం కనపడకూడదు" అన్నాడు. యూనివర్సిటీ చదువులు చదివిన పిల్లల పని ఇది!

వాళ్లు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో తన్నే ఆట కాదు. కొబ్బరికాయలాగా రెండు పక్కలా కొసదేరిన బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తడం, విసరడం, పట్టుకోవడం. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి అవతలివాళ్లకి. ఎదుటివాళ్ల చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. స్తంభాల మధ్య నుంచి పైకి తన్నితే మూడు. ఈ కథకి ఇంతవరకు తెలిస్తే చాలు. నన్ను ఆశ్చర్యపరిచింది ఆట కాదు, జనం. ఒహాయో స్టేట్ స్టేడియంలో 1,02,780 మంది పడతారు. మిషిగన్ వాళ్లదాంట్లో 1,07,601 మంది. కాలేజీ పిల్లల ఆటకి సుమండీ!

ఏడాదికి పన్నెండు మ్యాచ్‌లు ఆడతారు గదా, ఈ ఒక్కదానికే ఇంత పూనకం ఎందుకని మావాణ్ణి అడిగాను. "అది అంతే నాన్నా" అన్నాడు. కోడల్ని అడిగితే, "దానికి చాలా చరిత్ర ఉంది మావయ్యగారూ" అని మొదలుపెట్టింది. ఆ నెల్లాళ్లూ విన్నవీ, తిరిగొచ్చాక చదువుకున్నవీ కలిపి చెబుతున్నాను.

మొదలు ఇది పొలం గట్టు తగాదా. 1787లో పాత పటం ఒకటి ముందు పెట్టుకుని సరిహద్దు గీత గీశారు. ఆ పటంలో మిషిగన్ సరస్సు ఉండవలసిన చోట లేదు. దాంతో టొలీడో అనే ఊరూ, దాని చుట్టూ సన్నటి పట్టీలాంటి నేలా ఒహాయోదా మిషిగన్‌దా అని పేచీ వచ్చింది. 1835లో ఇరుపక్షాలూ తుపాకులు పట్టుకుని సైన్యాలు కదిలించాయి. తీరా జరిగిన రక్తపాతమల్లా ఒక్కటే. మిషిగన్ తరఫు పోలీసు అధికారి ఒకణ్ణి ఒహాయో పక్షం కుర్రాడొకడు కలం చెక్కుకునే చాకుతో పొడిచాడు. ఆయన బతికాడు. ఆ కుర్రాడి పేరేమిటో తెలుసా? 'టూ' స్టిక్నీ. వాళ్ల నాన్న పెద్దకొడుక్కి 'వన్' అనీ, రెండోవాడికి 'టూ' అనీ పేర్లు పెట్టాడు. మేం వోచర్లకి నెంబర్లు వేసినట్టు! చివరికి టొలీడో ఒహాయోకి దక్కింది. మిషిగన్‌కి 1837లో రాష్ట్ర హోదా, దానితోపాటు ఉత్తరాన అడవులతో నిండిన పెద్ద భూభాగం ఇచ్చారు. ఆ అడవుల కింద తర్వాత రాగీ ఇనుమూ బయటపడ్డాయి. కాబట్టి ఎవరు గెలిచారో ఈనాటికీ తేలలేదు. తేలకపోవడమే ఈ కథకి మూలధనం.

ఫుట్‌బాల్‌లో మొదటిసారి తలపడింది 1897లో. మిషిగన్ 34, ఒహాయో స్టేట్ సున్నా. 1919 దాకా ఒహాయో స్టేట్ ఒక్కసారి కూడా గెలవలేదు. అంటే ఆ ఇరవై రెండేళ్లూ ఒకడు కొట్టడం, ఇంకొకడు తినడమే. దాన్ని పోటీ అనలేం. రెండోవాడు తిరిగి కొట్టడం మొదలుపెట్టాకే ఖాతాకి రెండో పక్క ఏర్పడింది. మాకు ఫస్టియర్‌లోనే నేర్పుతారు గదా, ప్రతి డెబిట్‌కీ ఎక్కడో ఒక క్రెడిట్ ఉండాలి, ఒక పక్కే రాస్తే అది లెక్క కాదని. 1934 నుంచీ మిషిగన్ మీద గెలిచిన ప్రతిసారీ ఒహాయో స్టేట్ ఆటగాళ్లకి ప్యాంటు ఆకారంలో చిన్న బంగారు బిళ్ల ఇస్తున్నారు. వాళ్లూ మనలాగే ఒక్కో కాలూ దూర్చి ప్యాంటు తొడుక్కునేవాళ్లే, భయపడొద్దు అని అప్పటి కోచ్ చెప్పిన మాటకి గుర్తు అది.

1950లో కొలంబస్‌లో మంచు తుపాను. గీతలు కనపడటంలేదు, బంతి చేతిలో నిలవడంలేదు. దగ్గరుంటే ప్రమాదమని ఇరుపక్షాలూ కలిసి 45 సార్లు బంతిని అవతలికి తన్నేశాయి. మిషిగన్ ఆ రోజంతా వరసగా పది గజాలు ఒక్కసారి కూడా సాధించలేదు. అయినా 9-3తో గెలిచింది! ఒహాయో స్టేట్ కోచ్ రాజీనామా చేశాడు. ఆయన స్థానంలో 1951లో వచ్చినవాడు వుడీ హేస్. ఆయన మిషిగన్ పేరు కూడా పలికేవాడు కాదట. 'ఆ పైనున్న వాళ్లు' అనేవాడట. కారులో పెట్రోలు అయిపోవస్తున్నా మిషిగన్ గడ్డ మీద పోయించుకోనన్నాడని కూడా కథగా చెప్పుకుంటారు.

1968లో హేస్ జట్టు మిషిగన్‌ని 50-14తో చిత్తు చేసింది. మరుసటి ఏడే మిషిగన్‌కి కొత్త కోచ్ వచ్చాడు, బో షెంబెక్లర్. ఎవరనుకున్నారు? హేస్ దగ్గర ఆట నేర్చుకుని, హేస్ కిందే సహాయకుడుగా పనిచేసినవాడు. గురువు విద్యలన్నీ తెలిసిన శిష్యుడన్నమాట. ఆ యాభైని మరిచిపోకుండా సాధనలో కుర్రాళ్ల చొక్కాల మీద 50 అంకె వేయించాడు. 1969లో దేశంలోనే మొదటి స్థానంలో ఉన్న గురువుగారి జట్టుని 24-12తో ఓడించాడు. 1978 దాకా ఆ ఇద్దరూ పదిసార్లు తలపడ్డారు. శిష్యుడికి అయిదు, గురువుకి నాలుగు, 1973లో 10-10తో సమం. ఆ పదేళ్లలో ప్రతి ఏడూ వాళ్ల విభాగం టైటిల్ ఈ ఇద్దరిలో ఒకరికైనా, ఒంటరిగానో ఉమ్మడిగానో, దక్కుతూనే వచ్చింది. ఏ బ్యాలెన్స్ షీటైనా ఇంతకంటే దగ్గరగా సరిపోతుందా?

ఇక మేం చూసిన మ్యాచ్. నవంబరు 30, శనివారం. ఇంట్లో టీవీ ముందు మావాడు ఎర్రచొక్కాతో ఒక కొసన, కోడలు పసుపూ నీలం రంగుల టోపీతో రెండో కొసన, మధ్యలో మేమిద్దరం సరిహద్దు రాళ్లలాగా కూర్చున్నాం. ఒహాయో స్టేట్ దేశంలో రెండో స్థానంలో ఉంది. మిషిగన్ ఆ ఏడు అప్పటికే అయిదు ఓడిపోయి ఉంది. గెలుపు గురించి మావాడికి అనుమానమే లేదు. కానీ గంటలు గడుస్తున్నా స్కోరు కదలదు. చివరికి ఇంకా 45 సెకన్లుందనగా మిషిగన్ కుర్రాడు బంతి స్తంభాల మధ్యకి తన్నాడు. 13-10. అయిపోయింది.

ఆ తర్వాత జరిగింది బాగాలేదు. మిషిగన్ ఆటగాళ్లు మైదానం నడిమధ్య తమ జెండా పాతబోయారు. ఇరుపక్షాలూ కలబడ్డాయి. పోలీసులు మిరియాల స్ప్రే కొట్టవలసి వచ్చింది. రెండు యూనివర్సిటీలకీ చెరో లక్ష డాలర్ల జరిమానా పడింది. నాకు తోచిందేమంటే, గెలవడం ఖాతాలో పద్దు రాసుకోవడం, జెండా పాతడం అవతలివాడి పుస్తకం చించెయ్యడం. రెండూ ఒకటి కాదు.

మావాడు ఆ రాత్రి అన్నం దగ్గరికి రాలేదు. కోడలు నవ్వుతూ తిరుగుతోందేమోనని చూశాను. లేదు. కంచంలో పెట్టి గదిలోకి తీసుకెళ్లింది. తిరిగొచ్చాక "నువ్వు గెలిచావు గదమ్మా" అన్నాను. "గెలిచాను మావయ్యగారూ. ఆయన ఏడిస్తే నాకు సరదాయే. కానీ ఏదో ఒక ఏడు ఆయనకి పట్టకుండా పోయిందనుకోండి, ఇంక నేను గెలిచి ఎవరికి చెప్పుకోను?" అంది. నేను ముప్ఫై ఏళ్ల సర్వీసులో విన్న తెలివైన మాటల్లో ఇదొకటి.

అక్కడితో అయిపోలేదు. 2025 జనవరి 20న ఒహాయో స్టేట్ నోటర్‌డామ్‌ని 34-23తో ఓడించి ఏకంగా దేశానికే విజేత అయింది. మావాడు సంతోషంతో ఫోన్ చేశాడు. పావుగంట మాట్లాడాడు. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "అయినా నాన్నా, నవంబర్లో ఆ ఒక్కటీ..." అన్నాడు. ఊరంతా జమ అయినా ఆ ఒక్క ఖర్చు పద్దు చెరిగిపోదు. అదిగో, అక్కడుంది అసలు లక్షణం.

ఇలాంటిది కావాలని తయారుచేయబోతే కాదు. కనెటికట్ యూనివర్సిటీ అమెరికాకి ఈశాన్య మూల, సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ దక్షిణపు కొస. గట్టు లేదు, పాతబాకీ లేదు. 2015లో కనెటికట్ కోచ్ తనంతట తానే ఒక ట్రోఫీ చేయించి, ఇకమీదట ఈ రెండు జట్లదీ హోరాహోరీ అని ప్రకటించాడు. ఫ్లోరిడావాళ్లు మాకు సంబంధం లేదన్నారు. 2016లో ఫ్లోరిడా గెలిచింది. ట్రోఫీ అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. ఇష్టపడని పెళ్లికూతురి మెడలో దండ వేసినట్టయింది. ఒక పక్కే రాసిన చిట్టా అది.

ఉన్నదాన్ని చేజేతులా పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అలబామా రాష్ట్రంలో అలబామా, ఆబర్న్ అని రెండు జట్లు. అన్నదమ్ముల పిల్లల్లాంటివాళ్లు. 1907లో ఆడి 6-6తో సమంగా తేలారు. మరుసటి ఏటికి ఆటగాళ్ల భత్యం దగ్గర పేచీ వచ్చింది. ఆబర్న్ రోజుకి మనిషికి మూడున్నర డాలర్ల చొప్పున 22 మందికి అడిగింది. అలబామా మూడు డాలర్ల చొప్పున 20 మందికే ఇస్తానంది. రెండు రోజులకి లెక్కవేసి చూడండి, తేడా 34 డాలర్లు. అంపైర్ ఎవరన్న పేచీ కూడా తోడైంది. ఆట ఆగిపోయింది. ఎన్నాళ్లు? 41 ఏళ్లు! తాతలు మొదలుపెట్టిన అలక మనవలదాకా సాగింది. చివరికి రాష్ట్ర శాసనసభ కల్పించుకుంటే 1948లో మళ్లీ ఆడారు. ఇరుపక్షాల విద్యార్థి నాయకులూ కలిసి బర్మింగ్‌హామ్ పార్కులో గొయ్యి తీసి నిజంగానే ఒక గొడ్డలి పాతిపెట్టారు. ఆ ఏడు అలబామా 55-0తో గెలిచింది. వెళ్లి ఎందుకు ఆడామా అని ఆబర్న్ అనుకుని ఉంటుంది. కానీ 1949లో ఆబర్న్ 14-13తో గెలిచింది. ఆ ఒక్క పాయింటు రుచి, ఆడకుండా కూర్చున్న 41 ఏళ్లలో ఎవరికీ దక్కలేదు.

ఇంకొకటి చెప్పాలి. టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ పిల్లలు, టెక్సస్ యూనివర్సిటీతో మ్యాచ్‌కి ముందు ప్రతి ఏడూ దుంగలు పేర్చి పెద్ద భోగిమంటలాంటిది వేసేవాళ్లు. 1999 నవంబరు 18 తెల్లవారుజామున పేరుస్తుండగానే ఆ దుంగలు కూలి 12 మంది చనిపోయారు. ప్రత్యర్థిని శపిస్తూ జరుపుకునే తమ సభని టెక్సస్ పిల్లలు మానుకుని, చనిపోయినవాళ్ల కోసం కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. వారం దాటాక ఆడిన మ్యాచ్‌లో విరామ సమయాన టెక్సస్ బ్యాండువాళ్లు టోపీలు తీసి నివాళి పలికారు. వాళ్లు ఏడ్చింది పరాయివాళ్ల కోసం కాదు.

బో షెంబెక్లర్ 2006 నవంబరు 17న పోయాడు. మర్నాడే కొలంబస్‌లో మ్యాచ్. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ మధ్య. ఎవరి పేరు వింటే ఒళ్లు మండేదో ఆయన కోసం, ఎర్రచొక్కాల లక్షమంది ఆటకి ముందు లేచి మౌనంగా నిలబడ్డారు. తర్వాత 42-39తో ఓడించారు కూడా, ఆ సంగతి వేరు! ఈ రెండు యూనివర్సిటీలూ 1982 నుంచి ఎవరు ఎక్కువ రక్తం దానం చేస్తారన్న పోటీ కూడా పెట్టుకున్నాయి. రక్తం తీసుకున్న రోగికి అది ఏ పక్షందో తెలియదు.

మన తెలుగులో దీనికి సరైన మాట 'దాయాది పోరు' అనిపిస్తుంది. శత్రువుకి మనతో ఉమ్మడి గోడ ఉండదు. దాయాదికి ఉంటుంది. గట్టు ఒకటి, పాతబాకీ ఒకటి, ఇద్దరూ అప్పుడప్పుడు గెలవడం, ఏటా ఒకే రోజున తప్పకుండా కలుసుకోవడం, అన్నిటికంటే ముఖ్యం, అవతలివాడు లేకపోతే మన గెలుపుకి విలువ లేదని లోలోపల తెలిసి ఉండటం.

ఇక నా సంగతి. ఒకప్పుడు మా ఊళ్లో తెలుగువాళ్లకి ఒకటే సంఘం. ఇప్పుడు రెండు. ఇరవై ఏళ్ల కిందట ఉగాది భోజనాల షామియానా బిల్లులో 850 రూపాయలకి వోచర్ లేదని కోశాధికారిగా నేను పట్టుబట్టాను. కార్యదర్శిగా ఉన్న మిత్రుడు, "నా మాట కంటే నీకు కాగితం ఎక్కువా?" అన్నాడు. లెక్క ప్రకారం నాదే ఒప్పు. సంఘం రెండయింది. రెండు ఉగాదులు, రెండు పంచాంగ శ్రవణాలు, రెండుచోట్లా సగం ఖాళీ కుర్చీలు.

ఆ మిత్రుడూ నేనూ అంతకుముందు తొమ్మిదేళ్లు ప్రతి ఆదివారం క్యారమ్స్ ఆడేవాళ్లం. పాత డైరీ వెనక పేజీల్లో స్కోరు రాసేవాణ్ణి. నావి 212, ఆయనవి 209. తర్వాత మా సంఘం క్యారమ్స్ కప్పు నేను ఎన్నిసార్లు గెలిచానో లెక్క రాయలేదు. రాయబుద్ధి కాలేదు. కోడలు ఆ రాత్రి అన్న మాట విన్నాక గానీ కారణం తెలియలేదు.

2025 నవంబరు 29న ఆన్ ఆర్బర్‌లో ఒహాయో స్టేట్ 27-9తో గెలిచి, నాలుగేళ్ల వరస ఓటములకి తెర దించింది. ఆ రాత్రి అన్నం కంచం గదిలోకి మావాడు పట్టుకెళ్లాడట. ఫోన్‌లో కోడలే చెప్పింది, నవ్వుతూ. ఫోన్ పెట్టేసి ఆ డైరీ వెతికి తీశాను.

బ్యాంకు నిబంధన మీకు తెలిసే ఉంటుంది. రెండేళ్లపాటు ఖాతాదారు లావాదేవీ ఏదీ చేయకపోతే పొదుపు ఖాతా నిద్రాణమవుతుంది. మూసేసినట్టు కాదు. వడ్డీ జమ అవుతూనే ఉంటుంది. ఖాతాదారు స్వయంగా వచ్చి, తానెవరో మళ్లీ రుజువు చూపించుకుని, ఒక్క లావాదేవీ చేస్తే చాలు, లేచి కూర్చుంటుంది. ఈ నియమం వేలమందికి కౌంటర్లో వివరించాను. నాకు నేను చెప్పుకోలేదు.

ఆ మిత్రుడి ఇంటికీ ఈ పత్రిక వెళుతుందని నాకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఏమండీ, ఆ 850 సంగతి నేను వదిలేశాను. మీరు మాత్రం మూడు ఆటలు వెనకబడి ఉన్నారు, అది వదలను. బోర్డు తుడిచి పెట్టాను, పౌడర్ డబ్బా కొత్తది కొన్నాను. ఏ ఆదివారమైనా సరే. మీరు రాకపోతే నేనే వస్తాను, డైరీతో సహా.

పాఠకులకి వచ్చే సంచికలో స్కోరు తెలియజేస్తాను. ఉంటాను.